ఎల్టీసీ బాబాయ్ సాగరప్రవేశం

డిసెంబరు, జనవరి నెలల్లో స్వరాజ్ ద్వీప్ జెట్టీ దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఈయన కనిపిస్తాడు. 2018లో ఆ దీవికి పేరు మారినా బాబాయ్ నోట ఇంకా హేవ్‌లాకే. మెడలో ప్లాస్టిక్ సంచి, అందులో ఫోను, నెత్తిన ధర ట్యాగు ఊడదీయని టోపీ. కేంద్ర ప్రభుత్వంలో పాతికేళ్ళ సర్వీసు. ఎల్టీసీ (ప్రభుత్వోద్యోగుల ప్రయాణ రాయితీ) మీద విమానంలో అండమాన్ వెళ్ళొచ్చన్న సర్క్యులర్‌ని సెక్షన్‌లో అందరికన్నా ముందు చదివిన ఘనత ఆయనదే. ఈత మాత్రం రాదు. మోకాళ్ళు దాటిన నీళ్ళలో దిగింది గోదావరి పుష్కరాలప్పుడు, అదీ గొలుసు పట్టుకుని.

అయినా వాటర్ స్పోర్ట్స్ అన్నీ చేసి తీరాలి. ప్యాకేజీకి కట్టిన డబ్బు ఊరికే సముద్రంలో కలవడం ఆయనకి ఇష్టం లేదు.

ఎలిఫెంట్ బీచికి పడవ మాట్లాడేటప్పుడు పిన్ని వైపు తిరిగి, తెలుగులో ధైర్యంగా అంటాడు: “వీడు టూరిస్టుల్ని దోచేసే రకంలా ఉన్నాడే. చూస్తూ ఉండు, సగానికి దింపుతాను.” పడవ కుర్రాడు తాడు విప్పుతూనే, “సగానికైతే డీజిలుక్కూడా గిట్టదు బాబూ” అంటాడు. వాళ్ళ తాతది శ్రీకాకుళం వైపు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. ఈ సంగతి సర్క్యులర్‌లో ఉండదు.

బీచిలో దిగగానే మొదటి ప్రశ్న, ఏనుగులేవని. ఒకప్పుడు కలప లాగడానికి ఈ దీవులకి ఏనుగుల్ని తెచ్చారు. వాటిలో సముద్రంలో ఈదే రాజన్ లోకమంతా పేరు తెచ్చుకుని 2016లో కన్నుమూసింది. ఈ కథ విన్నాక బాబాయ్‌కి రోషం వస్తుంది. ఏనుగే ఈదగా లేనిది!

రోషం తీర్చుకోవడానికి సీ వాక్ ఉంది. నేల మీద మోయలేనంత బరువున్న హెల్మెట్ నీళ్ళలో భుజాల మీద తేలిగ్గా కూర్చుంటుంది, పైనుంచి గొట్టంలో గాలి వస్తూ ఉంటుంది, ముఖం తడవదు, కళ్ళజోడు తీయక్కర్లేదు. గౌరవం చెడకుండా సముద్రగర్భంలో నడవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదని నిజంగా ఒప్పుకోవాలి. బనానా బోట్ గురించి మాత్రం బాబాయ్ ఎక్కువ మాట్లాడడు. అందులో అందర్నీ కావాలనే తిరగేస్తారు.

అసలు కథ స్కూబా. కొత్తవాళ్ళకి ఈత రాకపోయినా ఫర్వాలేదు. శిక్షకుడు వెనక నుంచి సిలిండర్ పట్టుకుని తిప్పుతాడు, 12 మీటర్లకు మించి దించరు. కానీ ముందు ఆరోగ్య ఫారం నింపాలి. బాబాయ్ వరసగా అన్నింటికీ ‘లేదు’ కొట్టుకుపోతుంటే పిన్ని తొంగి చూసి, “ఏవండీ, మరి నా బ్యాగులో ఉన్న బీపీ మాత్రలు ఎవరివి?” అంటుంది. ఇక డాక్టరు సంతకం కావాలి. ఆ పూట దానికే సరి.

మర్నాడు ఇంకో చిక్కు, మీసం. పై పెదవి మీద దట్టంగా వెంట్రుకలుంటే మాస్క్ సరిగ్గా అతుక్కోదు, నీళ్ళు కారతాయి. తీసేయమంటే బాబాయ్ చూసిన చూపుకి శిక్షకుడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. చివరికి వాజిలీన్ దగ్గర రాజీ కుదురుతుంది. అద్దం మసకబారకుండా ఉమ్మి రాయాలంటే అది ఇంకో అవమానం.

కిందికి దిగుతుంటే చెవులు నొక్కుకుపోతాయి. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి ఒడ్డు మీదకన్నా రెట్టింపు. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటుంది. ఇదంతా బాబాయ్ బుద్ధిగానే చేస్తాడు. ఆయన్ని దెబ్బతీసేది బొటనవేలు. నీటి కింద బొటనవేలు పైకెత్తితే ‘పైకి పోదాం’ అని. బాగుందని చెప్పాలంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. ఒడ్డు మీద ఇది పదిసార్లు చెబుతారు. కానీ పగడాల మధ్య మొదటి చిలకచేప కనబడగానే బాబాయ్ ఉప్పొంగిపోయి బొటనవేలు ఎత్తుతాడు. శిక్షకుడు హడావిడిగా పైకి తెస్తాడు.

“ఏమైంది సర్?”

“ఏమీ కాలేదు, బ్రహ్మాండంగా ఉంది!”

మళ్ళీ దిగుతారు. ఇంకో చేప, మళ్ళీ బొటనవేలు. ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండగానే టైం అయిపోతుంది. నీళ్ళలో అద్దంలోంచి చూస్తే వస్తువులు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. దాని మీద బాబాయ్ సొంతంగా ఇంకో రెండు వంతులు కలిపి ఒడ్డున వర్ణిస్తాడు.

ఈలోగా, పక్కనే కూర్చుని జాగ్రత్తలన్నీ విన్న పిన్ని, “నేనూ దిగుతాను” అంటుంది. మీసం గొడవ లేదు, బీపీ లేదు. చెప్పినట్టు ఊపిరి బిగబట్టకుండా నిదానంగా పీలుస్తూ, వదులుతూ, ఇచ్చిన సమయమంతా కిందే గడిపి, నెమో చేపల ముందు సున్నా చుట్టి మరీ వస్తుంది.

సాయంత్రం వీడియోలు ఫోనుకి వస్తాయి. బాబాయ్‌ది ముప్పావు వంతు బుడగలే. పిన్నిది సినిమాలా ఉంటుంది. మాస్కూ, రెగ్యులేటరూ, వెట్‌సూటూ పోగా మనిషెవరో ఎలాగూ తెలియదు కాబట్టి, బాబాయ్ కాసేపు ఆలోచించి పిన్ని వీడియోనే ఆఫీసు గ్రూపులో పెడతాడు. చప్పట్లు, పూలగుత్తులు వరసకడతాయి. చివర్లో అకౌంట్స్ అమ్మాయి అడుగుతుంది: “సూపర్ సార్! చేతికి గోరింటాకు ఎప్పుడు పెట్టించుకున్నారు?”