వైద్యం ముందుకొచ్చింది, మనమే వెనకబడ్డాం

ఈ కాలం తల్లిదండ్రుల మీద నాకు కోపం ఉంది. బిడ్డకు రోజూ పది ఫొటోలు తీస్తారు. డైపర్ మాత్రం చుట్టి పారేస్తారు, లోపలేముందో చూడరు. మా రోజుల్లో తల్లో అమ్మమ్మో బిడ్డ గుడ్డలు చేత్తో ఉతికేవారు. దొడ్డి సున్నంలా తెల్లగా వస్తే వాళ్ల కంటపడకుండా పోయేది కాదు.

కంటపడి మాత్రం ఏం లాభం? పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని, నాకు తెలుసు. పుట్టుకతోనే పైత్యనాళాలు మూసుకుపోయి దొడ్డి అలా తెల్లబడిన బిడ్డలు పొట్ట ఉబ్బి, రెండేళ్లు నిండకుండానే పోయేవారు. జపాన్‌లో కసాయ్ డాక్టరు పేగును కాలేయానికి కలిపే ఆపరేషన్ 1950ల్లోనే మొదలుపెట్టినా, అది మా వార్డు దాకా రాలేదు. 1963లో డెన్వర్‌లో స్టార్జ్ల్ డాక్టరు ప్రపంచంలోనే మొదటిసారి మనిషికి కాలేయం మార్చింది ఈ జబ్బున్న మూడేళ్ల పిల్లవాడికే. వాడు ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం వదిలాడు.

ఆ తర్వాత కూడా పసివాళ్లకు సరిపడే చిన్న కాలేయం దొరికేది కాదు. 1989లో బ్రిస్బేన్‌లో తల్లి కాలేయంలో ముక్క తీసి కొడుక్కి పెట్టి బతికించారు. ఎడమవైపు ఐదో వంతో నాలుగో వంతో ఇస్తే చాలు, ఇచ్చినవారి కాలేయం కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది. మన దేశంలో 1998లో ఢిల్లీ అపోలోలో తండ్రి కాలేయం అందుకున్న రెండేళ్లు నిండని పసివాడు ఇవాళ డాక్టరు! బ్లడ్ గ్రూపు కలవకపోయినా ఇప్పుడు పసివాళ్లకు మారుస్తున్నారు. డబ్బున్నవాళ్లకే అనుకోకండి, ఉస్మానియా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద పిల్లలకూ ఉచితంగా చేశారు.

ఇంత వచ్చాక కూడా బిడ్డకు కామెర్లని ఆకు పసరు పోయిస్తారా? పసికూన ఒంటి మీద వాతలు పెట్టిస్తారా? "ఎండలో పడుకోబెట్టండి, అదే పోతుంది" అని నెలలు గడుపుతారా? కసాయ్ ఆపరేషన్ అరవై రోజుల లోపు చేస్తేనే ఫలితం ఎక్కువ. చాలామంది ఆ గడువు దాటాక, కాలేయం గట్టిపడ్డాక వస్తారు. అప్పుడిక మార్పిడే దిక్కు. తర్వాత జీవితాంతం మందులు వాడాలి.

అమ్మలూ, నాన్నలూ, రెండు వారాలు దాటినా బిడ్డ కళ్లు పచ్చగానే ఉంటే, దొడ్డి తెల్లగా, మూత్రం ముదురు రంగులో వస్తుంటే ఎవరి మాటా వినకండి. ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికెళ్లి డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష చేయించండి.