అమెరికా సామాను తెప్పించుకునేవారికి చిట్కాలు

వరంగల్‌లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ 1959లో పెట్టారు. 2002లో అది ఎన్‌ఐటీ అయింది. ఈలోగా హనుమకొండలో అమెరికాకు మనిషిని పంపని వాడకట్టు లేకుండా పోయింది. అంటే మీకూ ఒకడుంటాడు. మేనల్లుడో, సడ్డకుడి కొడుకో, కాదంటే పక్కింటి పిల్ల. అట్లాంటి మనిషిని పెట్టుకుని, చౌరస్తాలో సొంత డబ్బుతో ఫోను కొంటున్నవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇరవై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను, వరసగా పాటించండి.

1. నిద్రలో పట్టుకోండి. డాలస్‌లో ఉన్నవాడికి మనం మధ్యాహ్నం రెండు గంటలకు ఫోన్ చేయాలి. చలికాలంలో అక్కడ రాత్రి రెండున్నర అవుతుంది. మార్చి నుంచి నవంబరు దాకా వాళ్లు గడియారాలు గంట ముందుకు జరుపుకుంటారు కనుక మూడున్నర. రెండూ మంచి ముహూర్తాలే. ఆ వేళ ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎవరికేమైందోనని అదిరిపడి లేస్తాడు. కాసేపు ఏమీ మాట్లాడకండి. తర్వాత "ఏం లేదు బిడ్డా, నా ఫోన్ పాతదైంది" అనండి. అమ్మకు ఏమీ కాలేదన్న సంతోషంలో ఏమడిగినా "సరే మామా" అంటాడు. పగలు చేస్తే ధర గురించి మాట్లాడతాడు.

2. ధర ఎత్తకండి. మన దగ్గర డబ్బా మీది ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అక్కడ చీటీ మీద ఒక ధర వేస్తారు, బిల్లు కట్టేచోట పన్ను పైన పడుతుంది. డాలస్‌లో అది 8.25 శాతం. ఆ పన్ను వాడి దేశపు వ్యవహారం, మీరు పట్టించుకోకండి. చీటీ ధర మాత్రం "వచ్చినప్పుడు చూసుకుందాం" అనండి. వచ్చినప్పుడు సకినాల డబ్బా చేతిలో పెట్టి భుజం తట్టండి. సకినాలు వాళ్లమ్మ చేసినవే అయినా ఫర్వాలేదు, ఇచ్చిన చెయ్యి మీది.

3. సిమ్ సంగతి ముందే కనుక్కోకండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14ను అమెరికాలో సిమ్ పెట్టే అర లేకుండా అమ్మారు, అంతా ఈసిమ్. మన దేశంలో అమ్మిన అదే ఫోనుకు అర ఉంది. ఇవన్నీ తెలుసుకుంటూ కూర్చుంటే కోరిక చచ్చిపోతుంది. ఫోను చేతికొచ్చాకే షాపుకు వెళ్లండి. షాపు పిల్లవాడు "అంకుల్, దీనికి స్లాట్ లేదు" అంటాడు. ఒప్పుకోకండి. "ఉంటది, మంచిగ చూడు" అని నిలబడండి. నేను గంటన్నర నిలబడి, చివరికి కింద కనిపించిన మైకు రంధ్రంలోనే పిన్ను పెట్టించాను. అప్పటి నుంచి ఆ ఫోన్‌లో నా గొంతు అవతలివాళ్లకు వినిపించదు. అప్పు అడగడానికి వాట్సాప్ కాల్ చేసేవాళ్లు "హలో హలో" అని వాళ్లే పెట్టేస్తున్నారు.

ఈసిమ్ తీసుకోవడం నేర్చుకోకండి. పాత ఫోను ఎడమ జేబులో, కొత్తది కుడి జేబులో పెట్టండి. పాతదానికి ఓటీపీలు వస్తాయి, కొత్తదాంట్లో టైం చూసుకోవచ్చు. రెండు ఫోన్ల మనిషిని చూస్తే హనుమకొండలో ప్లాట్ల వ్యాపారం అనుకుని కుర్చీ వేస్తారు.

4. కరెంటు విషయంలో చదువుకున్నవాళ్ల మాట వినకండి. మన గోడలో 230 వోల్టులు, అమెరికా గోడలో 120. కాఫీ మిషను అడుగున ఈ సంగతి సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. మిషను రాగానే సరిగ్గా అక్కడే పసుపు రాసి బొట్టు పెట్టండి, అక్షరాలు కనిపించవు. ఫోన్ చార్జరు మీద 100-240 అని ఉంటుంది కనుక అది రెండు దేశాల్లోనూ పనిచేస్తుంది. చార్జరు పనిచేసింది కాబట్టి మిషనూ పనిచేస్తుందని గట్టిగా నమ్మండి. దాని బల్లపరుపు పిన్నులు మన ప్లగ్గు కన్నాల్లో దూరకపోతే చిన్న అడాప్టరు తెచ్చుకోండి. అడాప్టరు పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టుల జోలికి పోదు. మనకు కావలసింది పిన్ను దూరడమే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకొమ్మని ఎవరైనా అంటే దాని బరువెంతో అడగండి, వాళ్లే ఊరుకుంటారు.

ఇక లాభం చూడండి. వోల్టులు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు చుట్టాలందరినీ కూర్చోబెట్టి నేను స్విచ్ వేశాను. నీళ్లు అంత తొందరగా మరగడం జన్మలో చూడలేదు. తర్వాత టప్‌మంది, పొగ వచ్చింది, మా బిల్డింగులో మూడిళ్లకు కరెంటు పోయింది. చీకటి పడేసరికి "వాళ్లింట్ల అమెరికా మిషన్ పేలిందట" అన్న మాట బతుకమ్మలతో పాటు వెయ్యిస్తంభాల గుడి దాకా వెళ్లింది. కాఫీ మామూలుగా కాగితే ఎవరు చెప్పుకుంటారు? మాడిన మిషన్ను షోకేసులో పెట్టండి, నల్లబడిన వైపు గోడకు తిప్పండి. నా షోకేసులో హెయిర్ డ్రయ్యరు, మిక్సీ, ఒక డీవీడీల కట్ట కూడా ఉన్నాయి. డీవీడీలు రీజియన్ 1వి, మన ప్లేయర్లు రీజియన్ 5వి. వాటి మీద దుమ్ము మాత్రం రోజూ తుడిపిస్తాను.

5. దేశాల మీద అభిప్రాయాలు పెట్టుకోండి. అందుకు ఒక్కో దేశం గురించి ఒక్క ముక్క తెలిస్తే చాలు. అమెరికాలో స్విచ్ పైకి వేస్తే లైటు వెలుగుతుంది, మన దగ్గర కిందికి. పెళ్లి భోజనాల దగ్గర ఇది తీయండి: "వాళ్ల చూపు పైకి, మన చూపు కిందికి, అందుకే ఇట్లున్నం." జపాన్‌లో అమ్మే ఫోన్లలో కెమెరా చప్పుడు తీసేయడం కుదరదు. దొంగచాటుగా ఫొటోలు తీయకుండా అట్లా పెట్టారు. ఆ కారణం మింగేసి "జపానోళ్లు ఏ పని చేసినా వినపడాలె" అనండి. ఎవరైనా కారణం బయటపెడితే "నువ్వు పోయినవా జపాన్?" అని అడగండి. మీరూ పోలేదు, కానీ ముందు అడిగినవాడిదే గెలుపు.

మేనల్లుడు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం అభిప్రాయం తిరగేయండి. వాణ్ని కాజీపేట స్టేషన్ దగ్గర చాయ్ బండికి తీసుకుపోండి. యూపీఐ 2016లోనే వచ్చింది, బండికి క్యూఆర్ అంటించి ఉంటుంది, వాడేమో పర్సులో నోట్లు వెతుక్కుంటాడు. "మీ అమెరికాల ఇంకా కిరాయికి చెక్కు రాస్తరట గదా" అని నలుగురికీ వినపడేలా అనండి. వాడి ముఖం చిన్నబోయిన ఆ నిమిషం పోనివ్వకండి. వచ్చేసారికి ట్యాబు చెప్పండి.

6. షోకేసులో పట్టనివి వెనక్కి పంపండి. అమెరికా దుకాణాల్లో చాలావరకు కొన్న వస్తువును రసీదు చూపించి కొన్నాళ్లలోపు తిరిగి ఇచ్చేయవచ్చు. చాలా మంచి ఆచారం. గడువు దాటి రెండేళ్లయిందని వాడంటే "అడిగితే ఏం పోతది" అనండి. విమానంలో సూట్‌కేసుకు మామూలుగా 23 కిలోలే కనుక, మా అక్క సర్దిన సకినాలు, మామిడికాయ తొక్కు తీయించి మాడిన రైస్ కుక్కరు పెట్టించాను. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొడుకు దూరం పోతుంటే ఏ తల్లికైనా ఉంటుంది. ఆ సకినాలు మేం నెల రోజులు తిన్నాం.

7. ఫలితం వచ్చినప్పుడు గుర్తుపట్టండి. ఒకరోజు వాట్సాప్‌లో మీ మెసేజ్‌కు ఒక్క టిక్కే పడుతుంది. వాడి ఫొటో మాయమవుతుంది. ఎన్నిసార్లు చేసినా కాల్ కలవదు. ఇక వాడి పెళ్లికి కట్నం చదివించే పని లేదు, పిల్లల పుట్టినరోజులు గుర్తుపెట్టుకునే పని లేదు. అక్క కూడా మాట్లాడటం మానేస్తే రాఖీ పండుగ నాడు చీర ఖర్చు మిగులుతుంది. నాకు రెండేళ్లుగా మిగులుతోంది. ఎవరైనా అడిగితే "పెద్ద పొజిషన్ల ఉన్నడు, తీరిక లేదు" అని చెప్పండి.

మా వీధి చివరి ఇంటి పిల్ల ఈమధ్య మెల్‌బోర్న్ వెళ్లింది. నంబరు వాళ్ల నాన్నను అడిగి తీసుకున్నాను. అక్కడ ప్లగ్గు పిన్నులు ఏటవాలుగా ఉంటాయి, దానికీ అడాప్టరు దొరుకుతుంది. వాళ్ల చలికాలంలో అక్కడ రాత్రి రెండు కావాలంటే మనకు తొమ్మిదిన్నర. సీరియల్ అయిపోగానే చేయండి.