లైసెన్సు లేని పబ్బుకు లక్షణమైన భవిష్యత్తు

పబ్బు పరిశ్రమ కష్టాల్లో ఉందని లోకమంతా ముక్కు చీదుతోంది. బ్రిటన్‌లో బీరు, పబ్బుల సంఘం 2025లో 378 పబ్బులు మూతపడబోతున్నాయని, రోజుకొకటి కన్నా ఎక్కువేనని లెక్కగట్టి ప్రభుత్వం ముందు గోడు వెళ్లబోసుకుంది. పన్నులు పెరిగాయట, జీతాలు పెరిగాయట, కరెంటు బిల్లులు పెరిగాయట. హైదరాబాద్ జూబ్లీహిల్స్ పబ్బుల బాధ ఇంకో రకం. రాత్రి పది దాటాక పాటల మోత వినపడకూడదని 2022లో హైకోర్టు చెప్పేసరికి, పాట లేని పబ్బుకు ఎవడొస్తాడని యజమానులు తలలు పట్టుకున్నారు.

ఈ పరిశ్రమ భవిష్యత్తు మీద ఉపన్యాసాలిచ్చే పండితులు ఒక్కసారి శ్రీశైలం బస్సెక్కి, మన్ననూరులో దిగి, అమ్రాబాద్ దారి పడితే వాళ్ల బెంగంతా తీరిపోతుంది. నల్లమల గుట్టల మీద, పెద్దపులుల అభయారణ్యం అంచున, ఈ పరిశ్రమ ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా ఉంది. బోర్డు ఒక్కటే ఉండదు. దాని పేరు బెల్టు షాపు.

చూడ్డానికి అది మామూలు కిరాణా కొట్టు. ముందు వరుసలో బిస్కెట్ పుడలు, సబ్బులు, షాంపూ పొట్లాలు వేలాడుతుంటాయి. కూల్‌డ్రింక్ కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్‌లో పైఅరలో కూల్‌డ్రింకులు, కిందిఅరలో అసలు సరుకు. నగరంలో పబ్బు పెట్టేవాడు లక్షల కిరాయి కట్టి, కృత్రిమంగా పల్లెటూరి వాతావరణం తెప్పించడానికి ఇంకో లక్ష ఖర్చుపెడతాడు. ఇక్కడ వేపచెట్టు, నులకమంచం, గట్టు వెనకటి నుంచే ఉన్నాయి. మిర్చీలు, పల్లీలు, ఉడకబెట్టిన గుడ్లు పక్కింట్లోంచి వస్తాయి. నగరంలో సాయంత్రం రెండు గంటలపాటు సగం ధర అని ఊరిస్తారు. ఇక్కడ క్వార్టర్ మీద ఎప్పుడూ పదో, ఇరవయ్యో ఎక్కువే. అయినా తెల్లారి ఆరింటికి తలుపు కొట్టినా మందు దొరుకుతుంది, అర్ధరాత్రి కొట్టినా దొరుకుతుంది. పైగా ఖాతా రాసుకుంటారు. పత్తి అమ్మినంక ఇస్తానంటే ఏ జూబ్లీహిల్స్ పబ్బు ఒప్పుకుంటుంది?

ఇంత గొప్ప వ్యాపారానికి లైసెన్సు లేదు. అందుకే లైసెన్సు రద్దయ్యే భయమూ లేదు.

బెల్టు షాపు అనేది వ్యవస్థకు పట్టిన తెగులని, దాన్ని వేళ్లతో సహా పెకిలిస్తామని ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. 2014 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు ప్రమాణస్వీకారం రోజున చేసిన తొలి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. తెలంగాణలోనూ ఆ మాట అనని నాయకుడు కనపడడు. వాళ్లంతా ఎక్సైజ్ శాఖ లెక్కల పుస్తకం ఒక్కసారి తిరగేస్తే, పెకిలించాల్సిన వేరు ఎక్కడుందో తెలుస్తుంది.

తెలంగాణలో 2023 నుంచి 2025 దాకా నడిచిన విధానంలో 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లో వైన్స్, అంటే లైసెన్సున్న మందు దుకాణం, పెట్టాలంటే లైసెన్సు ఫీజు ఏడాదికి రూ.50 లక్షలు. ఊళ్లో సరిగ్గా 5,000 మంది ఉన్నారనే అనుకుందాం. ఉయ్యాల్లోని పసిగుడ్డు నుంచి మంచం పట్టిన ముసలవ్వ దాకా తలకు వెయ్యి రూపాయలు పడింది. ఇది సర్కారుకు కట్టే ఫీజు మాత్రమే. సరుకు, కిరాయి, జీతాలు, ఇవ్వాల్సిన వాళ్లకు ఇవ్వాల్సినవి వేరే. కౌంటర్ దగ్గరికి నడిచొచ్చిన వాడికి మాత్రమే అమ్ముకుంటూ కూర్చుంటే వైన్స్ ఓనరు రెండో ఏడాది దుకాణం తాకట్టు పెట్టుకోవాలి. అందుకని పొద్దున్నే కాటన్లు ఆటోల్లోకెక్కి చుట్టుపక్కల తండాలకు, పల్లెలకు బయల్దేరుతాయి. ఫీజు ఖరారు చేసిన నాడే బెల్టు షాపుకు శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత దాని మీద దాడి చేయడం, పాపం, అధికారులకు దినచర్య.

అమ్మకం దాకా కూడా వెళ్లక్కర్లేదు. అమ్ముతానని అడిగినందుకే డబ్బు కట్టించుకునే విద్య ఒకటి తెలంగాణ సర్కారు కనిపెట్టింది. 2023 ఆగస్టులో రాష్ట్రంలోని 2,620 వైన్స్‌కు లాటరీ తీశారు. పాత లైసెన్సుల గడువు నవంబరు ఆఖరు దాకా ఉంది. మధ్యలో ఎన్నికలు వచ్చిపడుతున్నాయి కాబట్టి ముందే కానిచ్చేశారు. దరఖాస్తు ఒక్కింటికి రూ.2 లక్షలు, దుకాణం రాకపోతే తిరిగివ్వరు. వచ్చిన దరఖాస్తులు లక్షా 31 వేల పైచిలుకు. ఖజానాకు చేరింది రూ.2,600 కోట్లకు పైమాటే. ఒక్క సీసా మూత తీయకుండా, ఒక్క చుక్క ఒలక్కుండా వచ్చిన సొమ్మిది. దుకాణానికి యాభై మంది పోటీపడితే నలభై తొమ్మిది మంది ఏమీ తాగకుండానే రెండేసి లక్షలు తాగేశారన్నమాట. 2025లో రుసుము రూ.3 లక్షలకు పెంచారు. దరఖాస్తులు సుమారు 95 వేలకు పడిపోయాయి, రాబడి మాత్రం రూ.2,800 కోట్లు దాటింది. గిరాకీ తగ్గినా లాభం పెరిగే వ్యాపారం కోసం బ్రిటన్ పబ్బుల సంఘం ఎక్కడెక్కడో వెతుకుతోంది. నాంపల్లి ఎక్సైజ్ భవన్‌కు ఒకసారి వచ్చిపోవాల్సింది.

ఈ పద్ధతిలో సామాజిక న్యాయమూ ఉంది. 2021 నుంచి వైన్స్ కేటాయింపుల్లో గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్. అమ్రాబాద్ అడవిలోని ఏ చెంచుపెంటలోనో ఉన్న గిరిజనుడు, తేనె, జిగురు, కుంకుడుకాయలు గిరిజన సహకార సంస్థకు అమ్ముకోగా మిగిలిన సొమ్ములోంచి 3 లక్షలు తీసి, చీటీ డబ్బాలో వేసి, రాకపోతే దులిపేసుకుని మళ్లీ తేనెకు పోవచ్చు. హక్కు ఉంది. వాడుకోకపోతే తప్పు అతనిదే.

అదే చెంచుకు సర్కారు ఇంకో అవకాశం మాత్రం ఇవ్వలేదు: తన సొంత సరుకు అమ్ముకోవడం. నల్లమలలో ఇప్పచెట్టుకు కొదవలేదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ పీఠభూమి మీద చెంచుల మధ్య తిరిగి, 1943లో వాళ్ల గురించి పుస్తకం అచ్చువేశాడు. ఇప్పపూలతో కాచుకునే సారా ప్రస్తావన అందులోనూ ఉంది. ఇప్పపూవు మీద సర్కార్ల కోపమూ అప్పటికే పాతది. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లోనే బ్రిటిష్ వాళ్లు ఇప్పపూల సేకరణ మీద ఏకంగా చట్టం తెచ్చారు. జనం తమ చెట్టు కింద ఏరుకున్న పూవుతో కాచుకుంటే సర్కారు సారా ఎవడు కొంటాడన్నది వాళ్ల లెక్క. తెల్లదొరలు పోయారు, లెక్క పోలేదు. గోవా తన జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది, 2016లో వారసత్వ పానీయమని ప్రకటించుకుంది. మధ్యప్రదేశ్ ఇప్పసారానే వారసత్వ మద్యమని పేరుపెట్టి, గిరిజనుల చేతే తయారుచేయించి సీసాల్లో అమ్మిస్తోంది. మన దగ్గర వారసత్వం కుండలో దొరికితే పారబోసి, ఫొటో తీసి, కేసు రాస్తారు.

తెలంగాణలో గుడుంబా (నాటుసారా) నిర్మూలన ఉద్యమంగా సాగిన రోజుల్లో, కాచడం మానేసిన కుటుంబాలకు పునరావాసం కింద రూ.2 లక్షల చొప్పున సాయం ప్రకటించారు. మంచి పనే, తప్పుపట్టాల్సింది లేదు. కాకపోతే ఆ తర్వాత వైన్స్ దరఖాస్తు రుసుము కూడా సరిగ్గా రూ.2 లక్షలకే చేరింది. సారా మానినందుకు ఈ చేత్తో ఇచ్చింది, మందు అమ్ముతానంటే ఆ చేత్తో తీసుకోవడానికి సరిపోయేలా ఎవరు అమర్చారోగానీ అమరిక కుదిరింది.

కల్లు సంగతీ చెప్పుకోవాలి. పాలమూరు జిల్లాల్లో ఈతచెట్లూ తాటిచెట్లూ ఇచ్చే కల్లు కన్నా దుకాణాల్లో పారే కల్లు ఎక్కువని అందరికీ తెలుసు. తేడా ఎక్కడినుంచి వస్తుందో కూడా తెలుసు: డైజిపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్. 2015లో నిఘా పెరిగి ఆ మందులు ఆగిపోతే, పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో జనం వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆసుపత్రుల ముందు వరుస కట్టారు. కల్తీ కల్లు తాగి కాదు, అది దొరక్క. ఏ పబ్బుకైనా ఇంతకన్నా నమ్మకమైన ఖాతాదారులు ఉంటారా?

ఊరి పెద్దలు ఊరుకుంటారా అంటే, కొన్ని ఊళ్లు నిజంగానే కట్టడి చేశాయి. మందు అమ్మితే ఇంత జరిమానా అని తీర్మానం రాసి, ఆడవాళ్లు కాపలా కాసి నిలబెట్టుకున్న పల్లెలున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం ఉమ్మడి రాష్ట్రంలో 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని ఆపించింది. ఖజానా మాత్రం రెండేళ్లే ఓపికపట్టింది. మరికొన్ని ఊళ్లు తెలివిగా ఇంకో దారి తొక్కాయి. బెల్టు షాపు నడుపుకునే హక్కును రచ్చబండ దగ్గర బహిరంగంగా వేలం వేసి, వచ్చిన సొమ్ము గుడికో, బొడ్రాయికో జమకడతాయి. చట్టంలో లేని దుకాణానికి, చట్టంలో లేని వేలంలో, నోటిమాట మీద నడిచే కాంట్రాక్టు. పాట పాడినవాడికి ఒక్క హామీ: ఊళ్లో ఇంకెవరూ అమ్మకుండా పెద్దలే చూస్తారు. నిషేధం అమలు చేయడమంటే ఇదీ!

అమ్రాబాద్‌కు ఇంకో విశేషం ఉంది. అది రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద నోటిఫై అయిన గిరిజన ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం మత్తుపదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం అక్కడ గ్రామసభలకు, పంచాయతీలకు దఖలుపడాలి. వైన్స్ పెట్టాలంటే ఊరి మాట వినాలి. బెల్టు షాపుకు ఆ తలనొప్పి లేదు. సర్కారు దృష్టిలో అది లేనే లేదు కాబట్టి, లేనిదానికి ఏ గ్రామసభ అనుమతి కావాలి?

కొత్త లైసెన్సుదారులు 2025 డిసెంబరు 1న కొబ్బరికాయలు కొట్టారు. పంచాయతీ ఎన్నికల తొలి విడత పోలింగ్ డిసెంబరు 11న, ఆ తర్వాత 14న, 17న. పంచాంగం చూసి పెట్టినా ఇంత మంచి ముహూర్తం కుదరదు. అంతకు ముందే నల్గొండ జిల్లాలో మునుగోడు ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి తన నియోజకవర్గంలో వైన్స్ ఊరి బయట ఉండాలని, పొద్దున్నుంచే తెరవకూడదని, బెల్టు షాపులకు సరుకు పోకూడదని షరతులు పెట్టారు. అధికార పార్టీ ఎమ్మెల్యే తన ప్రభుత్వ లైసెన్సు మీద తానే షరతులు పెట్టాల్సి వచ్చిందంటే, ఆ లైసెన్సు ఎవరికోసం రాసి ఉందో ఊహించుకోవచ్చు.

ఇక సీసాల మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. శ్రీశైలం పోయే రోడ్డు దాని మధ్యలోంచే పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలు ఆపేస్తారు కాబట్టి పులికి నిద్రాభంగం లేదు. పగలు మాత్రం దారి పక్కన పగిలిన గాజు పెంకులు తొక్కకుండా నడవడం దుప్పికీ, పశువుల కాపరికీ ఒకేలా కష్టం. తమిళనాడులో ఇదే చిక్కు వస్తే మద్రాసు హైకోర్టు జోక్యంతో 2022లో నీలగిరుల్లో ఒక పద్ధతి పెట్టారు. సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుంటారు, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ పది వాపసు ఇస్తారు. సర్కారీ దుకాణాల కౌంటర్ల దగ్గర సీసాలు గుట్టలుగా తిరిగొచ్చాయి.

అమ్రాబాద్‌లో ఆ పద్ధతి పెట్టాలంటే ఒక అడ్డంకి ఉంది. ఖాళీ సీసాను కొన్నచోటే ఇవ్వాలి. కొన్నది కిరాణా కొట్లో. ఆ కొట్టు మందే అమ్మలేదు కదా, ఖాళీ సీసా ఎలా తీసుకుంటుంది? తీసుకోవడానికి వేరే లైసెన్సు పెట్టొచ్చు. దాని దరఖాస్తు రుసుము ఎంతో, రాకపోతే వాపసు ఇస్తారో ఇవ్వరో ఎక్సైజ్ శాఖ చెబితే, 2027 నవంబరు 30న ఇప్పటి లైసెన్సులు ముగిసేలోపు జనం డబ్బులు సర్దుకుంటారు.