ఓడ మల్లన్నకి ఫుల్ కవరేజీ

డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్లకి ఇల్లు, పిల్లల కూచిపూడి క్లాసులు, రెండో కారు అన్నీ అయ్యాక ఇప్పుడు బోటు మోజు పట్టుకుంది. లూయిస్‌విల్ లేక్, గ్రేప్‌వైన్ లేక్, కాస్త ఓపికుంటే టెక్సోమా. తప్పేం లేదు, కష్టపడి సంపాదించుకున్న డబ్బు. నా గొడవల్లా ఇన్సూరెన్స్ దగ్గరే. సీటు కవర్లు క్రీమా గ్రేనా అన్నదాని మీద వారాల తరబడి వాట్సాప్‌లో చర్చ నడుస్తుంది. కప్ హోల్డర్లు లెక్కపెట్టుకుంటారు, స్పీకర్లు మోగించి చూసుకుంటారు. ఇన్సూరెన్స్ మాత్రం డీలర్ బల్ల దగ్గర లోను కాగితాల మీద సంతకాలు పెడుతూ, ఫోన్‌లో, "ఏది చవగ్గా ఉంటే అది కొట్టెయ్" అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది. తర్వాత ఎవరడిగినా ఛాతీ విరుచుకుని "ఫుల్ కవరేజీ తీసుకున్నాం" అంటారు.

బోట్లకి ఫుల్ కవరేజీ అనే సరుకు ఏ కొట్లోనూ దొరకదు. బ్రోషర్ మీద ఒక కుటుంబం పళ్లికిలించి నవ్వుతూ ఉంటుంది. ఎండ కాస్తూ ఉంటుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. లోపలి పేజీల్లో ఉండేదంతా మినహాయింపుల చిట్టా. అరుగుదల, తుప్పు, కుళ్లు, ఎలకలు, పురుగులు, రేసులు, అద్దెలు. ఇవన్నీ తప్పించుకుని ఏ సందులోనో మీ ప్రమాదం జరిగితే డబ్బులొస్తాయి.

అసలు వేరే పాలసీ ఎందుకనే జ్ఞాని ఒకాయన ప్రతి పాట్‌లక్‌లోనూ ప్రత్యక్షమవుతారు. "ఇంటి ఇన్సూరెన్సులోనే బోటు కూడా వస్తుందిలే బావా!" వస్తుంది, కాదనను. మామూలు ఇంటి పాలసీలో బోటు, మోటారు, ట్రైలరు అన్నిటికీ కలిపి ఇచ్చేది సాధారణంగా 1,500 డాలర్లు, ఆ దరిదాపుల్లో. నలభై వేలు పోసి కొన్న పాంటూన్‌కి అది గొడుగు ఖర్చు. పైగా ఇంటి ఆవరణ దాటాక ఎవరైనా ఎత్తుకుపోతే అదీ రాదు. సరే, ఇంటి ముందే పెట్టుకుందామంటే హెచ్‌ఓఏ నోటీసు పంపుతుంది. టెక్సస్‌లో బోటు ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదన్నది ఆ జ్ఞాని రెండో బాణం. అదీ నిజమే. పక్కనున్న ఆర్కన్సాలో 50 హార్స్‌పవర్ దాటితే లయబిలిటీ ఉండి తీరాలి, ఇక్కడ అక్కర్లేదు. మీ ప్రొపెల్లర్ ఈతకొట్టేవాడి కాలికి తగిలినప్పుడు ఆ మాట వాడి లాయరుకి చెప్పి చూడండి.

ఇక వెనకవైపు స్టెర్న్‌డ్రైవ్ ఉన్న బోటు కొన్నవాళ్లు ఒక్కసారి వంగి చూడాల్సిన వస్తువొకటుంది. ఇంజను లోపల ఉంటుంది, డ్రైవు బయట నీళ్లలో ఉంటుంది. రెంటినీ కలిపేచోట హార్మోనియం తిత్తిలా ముడతలు పడ్డ రబ్బరు తొడుగు ఉంటుంది. బెలోస్ అంటారు. నీటిమట్టానికి కిందే ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ముడతల్లో సన్నగా పగుళ్లు వస్తాయి. ఒక రాత్రి మరీనాలో కట్టేసిన బోటు కట్టేసినట్టే మునుగుతుంది. గాలీ లేదు, వానా లేదు, ఎవరూ గుద్దలేదు. అడ్జస్టర్ వచ్చి ఆ రబ్బరు ముక్కని ఫోటో తీసుకుని ఎంతో మర్యాదగా "ఇది అరుగుదలండీ" అంటాడు. అరుగుదలకి పాలసీ వర్తించదు. రబ్బరు ఖరీదు ఇవ్వకపోయినా దానివల్ల బోటు మునిగితే ఆ నష్టం కడతామనే క్లాజు వేరే ఉంది. దాని పేరు కాన్సిక్వెన్షియల్ డ్యామేజ్. అది లేని పాలసీయే చవగ్గా దొరుకుతుంది. ఎందుకు చవకో ఇప్పుడు అర్థమైందిగా!

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ముందుంది ముసళ్ల పండగ. మునిగిన బోటుని అక్కడే వదిలేస్తానంటే మరీనా ఊరుకోదు. డైవర్లు, గాలిసంచులు, క్రేను, నీళ్ల మీద తేలిన పెట్రోలు శుభ్రం చేయడం. కొన్ని పాలసీలు ఈ ఖర్చుని మీకు రావాల్సిన బోటు ఖరీదులోంచే మినహాయించుకుంటాయి. అంటే మీ బోటుని మీ డబ్బుతోనే తేల్చుకుని, మిగిలిన చిల్లర ఇంటికి తెచ్చుకోవాలి.

చలి సంగతి సరేసరి. "టెక్సస్‌లో చలేమిటండీ" అన్నవాళ్లందరికీ 2021 ఫిబ్రవరి సమాధానం చెప్పింది. డాలస్‌లో సున్నాకి దిగువన 19 డిగ్రీల సెల్సియస్. ఇంజను బ్లాకుల్లో నిలిచిన నీళ్లు గడ్డకట్టి ఇనుము పగిలింది. చాలా పాలసీల్లో గడ్డకట్టడం వల్ల వచ్చే నష్టానికి కవరేజీ విడిగా కొనుక్కోవాలి. మిన్నెసోటావాడు భయపడి అక్టోబరులోనే నీళ్లు తీయించేస్తాడు. మనం ధీమాగా దీపావళి షాపింగ్‌కి పోతాం.

కంపెనీలు మరీ అంత కర్కోటకమా అంటే, ఒక కేసు చెబుతాను. 2019లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర ఒక యాట్ అడుగు నేలకి తగిలి దెబ్బతింది. మంట లేదు, పొగ లేదు. మంటలార్పే పరికరాలకి సకాలంలో తనిఖీ చేయించలేదు గనక క్లెయిము చెల్లదంది కంపెనీ. ఆ తగవు సుప్రీంకోర్టు దాకా ఎక్కింది. అక్కడ తేలాల్సింది ఏ రాష్ట్రం చట్టం వర్తిస్తుందన్నది. యజమాని పెన్సిల్వేనియా అన్నాడు. పాలసీలో న్యూయార్క్ అని రాసుంది. 2024 ఫిబ్రవరిలో జడ్జీలంతా ఏకగ్రీవంగా పాలసీలో రాసుకున్న మాటకే ఓటేశారు. చదవకుండా సంతకం పెట్టిన ఆ ఒక్క వాక్యం విలువ అంత.

మన టెక్సోమాకీ ఈ చరిత్రలో చోటుంది. 1949లో ఆ చెరువు మీద 'వాండరర్' అనే హౌస్‌బోటు కాలిపోయింది. తాకట్టు పెట్టారు, అద్దెకిచ్చారు, సొంత విహారానికే వాడతామన్న షరతు తప్పారు అని కంపెనీ చేతులెత్తేసింది. ఆ కేసు కూడా సుప్రీంకోర్టు తలుపు తట్టింది, 1955లో తీర్పు వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మనవాళ్లు శనివారాలు బోటుని యాప్‌లో అద్దెకి పెట్టి "ఈఎంఐ దానంతటదే తీరిపోతోంది" అని మురిసిపోతున్నారు. ఆ అద్దె సంగతి సొంత పాలసీ ఇచ్చినవాళ్లకి చెప్పారా అంటే ఆకాశం వైపు చూస్తారు.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నారు. ప్రీమియం కట్టేదాకా మీరు ఓడ మల్లన్న. క్లెయిము వేసిన రోజున ఏమవుతారో చెప్పక్కర్లేదు. కంపెనీని తిట్టుకుని లాభం లేదు, వాళ్లు ముందే రాసిచ్చారు. చదవనిది మనం.

కాబట్టి బావగార్లూ, వదినగార్లూ, ఈసారి రెన్యువల్ వచ్చినప్పుడు ప్రీమియం అంకె తర్వాత చూడండి. ముందు ఏజెంటుకి ఒక ఈమెయిలు కొట్టండి. బోటు మొత్తం పోతే ముందుగా ఒప్పుకున్న ఖరీదు ఇస్తారా, తరుగు తీసి ఇస్తారా? మునిగితే పైకి తీసే ఖర్చు విడిగా ఇస్తారా? బెలోస్ పగిలితే, బ్లాకు గడ్డకడితే, బామ్మర్ది నడిపితే, గాల్వెస్టన్ దాకా తీసుకెళితే ఏమిటి? జవాబు రాతలో రావాలి. "అవన్నీ ఉంటాయిలెండి సార్" అని ఫోన్ చేసి చెప్పే ఏజెంటు అయితే, వెంటనే ఇంకొకరిని చూసుకోండి.