పర్సులో రెండు వందలు

నా వీపు మీద చిన్న కిటికీ ఉంది. అందులో ఒక అంకె. పుట్టినప్పుడు 200, ఇవాళ 137. మనుషులకు ఎన్నాళ్లు రాసిపెట్టి ఉందో వాళ్లకు తెలియదంటారు. నాది అంకెల్లో అచ్చువేసి మరీ పంపారు. కాకపోతే అది వీపు మీద ఉంది కనక నాకు తప్ప అందరికీ కనిపిస్తుంది.

నీలం రంగు ప్లాస్టిక్ తొడుగు, లోపల వేలెడంత అల్యూమినియం డబ్బా, నొక్కినప్పుడల్లా వంద మైక్రోగ్రాముల సాల్బుటమాల్. ఇదీ నా ఒళ్లు. మందుల షాపు కుర్రాడు నన్ను ఇన్‌హేలర్ అంటాడు, కాలనీవాళ్లు పంపు అంటారు. నన్ను కొనుక్కున్న టీచరమ్మ మాత్రం ఏ పేరుతోనూ పిలవదు. గడప దాటేముందు పర్సు తడిమి, "అది పెట్టుకున్ననా?" అనుకుంటుంది. మొగుడి పేరు పలకని కాలం మనిషి.

ఆమె లెక్కల టీచరుగా రిటైరయింది. పదేళ్ల వయసు నుంచీ ఆయాసం ఉంది. డాక్టరు ఆస్తమా అని రాస్తాడు, పుస్తకాల్లో ఉబ్బసం అని ఉంటుంది, ఆమెకు మాత్రం అది దమ్ము. ఎవరైనా జాలిగా చూస్తే, "దమ్ము బీమారి ఉన్నదాన్నే గానీ, దమ్ము లేనిదాన్ని గాదు" అంటుంది.

కొడుకు తెల్లాపూర్‌లో ఉంటాడు. ఆదివారం ఆదివారం కూకట్‌పల్లి వస్తాడు. వచ్చీ రాగానే నన్ను తీసి వెనక్కి తిప్పి, ఆటో దిగినవాడు మీటరు చూసినట్టు చూస్తాడు. పోయిన వారం మీద ఎంత తిరిగిందని. నాలుగైదు దాటితే అక్కడే డాక్టరుకు ఫోను. నాకు అతని మీద కోపం లేదు. నన్ను ఎంత ఎక్కువగా వాడితే జబ్బు అంత అదుపు తప్పిందని లెక్క. నిజానికి నా పని చాలా చిన్నది. ఊపిరి గొట్టాల చుట్టూ బిగిసిన కండరాన్ని కాసేపు వదులు చేస్తాను, నాలుగైదు గంటల పాటు. లోపలి వాపును తగ్గించేది నేను కాదు. అది పొద్దున, రాత్రి పీల్చే ఇంకో మందు పని. అది ఏ హడావుడీ లేకుండా అద్దం పక్కన కూచుని ఉంటుంది. నా ఒక్కదాని మీదే ఆధారపడితే ముప్పేనని జీనా అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ 2019లో తేల్చి చెప్పింది. "జీనా అంటే ఉర్దూల బతకడమే గదా" అని టీచరమ్మ నవ్వింది గానీ, నాకది ఇబ్బందికరమైన సంగతే. ఆత్మకథలో ఇలాంటివి దాచేయొచ్చు. గాంధీగారంతటివాడే దాచుకోలేదు, నేనెంత.

చెప్పొచ్చేది మొన్నటి మంగళవారం గురించి.

సంక్రాంతి అయిపోయి వారమైంది. పొద్దున్నే కొడుకు ఫోను చేశాడు: "చలి ఎక్కువుందమ్మా, కిటికీలు తెరవకు, వాకింగ్ బంద్ చెయ్." అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. చల్లగా, పొడిగా ఉండే గాలి తగిలితే ఆయాసం ఉన్నవాళ్ల ఊపిరి గొట్టాలు ముడుచుకుంటాయి. పైగా చలికాలం తెల్లవారుజామున నేలకు దగ్గరగా చల్లగాలి, దానిమీద మూతలాగా వెచ్చటి గాలి నిలబడిపోతుంది. మోటార్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, అన్నీ ఆ మూత కిందే తిరుగుతుంటాయి. భోగి నాడు టీచరమ్మ తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి కూచుంది. మంటలు టీవీలో చూసింది.

పదకొండింటికి ఆడబిడ్డ ఫోను.

"వదినా, నుమాయిష్‌కు పోదామా?"

"చలి పిల్లా. పొద్దుమీకినంక దమ్ము పడ్తది."

"నుమాయిష్ ఎండకాలంల పెడ్తరా ఏంది?"

దానికి జవాబు లేదు. ఏటా జనవరి ఒకటిన మొదలై ఫిబ్రవరి 15 దాకా, సరిగ్గా చలి ఉన్నన్నాళ్లే ఉంటుంది ఆ ఎగ్జిబిషన్. గేట్లు తెరిచేది కూడా సాయంత్రం పూటే. ఆయాసం ఉన్నవాళ్ల మీద పగబట్టి పెట్టిన ముహూర్తంలా ఉంటుంది. రెండేళ్లుగా టీచరమ్మ వెళ్లలేదు.

మూడింటికి స్వెటర్ తొడుక్కుంది, మఫ్లర్ చుట్టుకుంది, చెప్పుల్లోకి సాక్సులు వేసుకుంది. బయల్దేరడానికి పావుగంట ముందు రెండు పీల్పులు పీల్చమని డాక్టరు చెప్పి ఉన్నాడు. నన్ను తీసింది, మూత లాగింది, అలవాటుగా వెనక్కి తిప్పి చూసింది. 143.

"మొన్న ఆదివారం గూడ నూట నలభై మూడే. వాడు చూస్తడు" అనుకుంది. మూత పెట్టి నన్ను పర్సులో పడేసింది.

నాకు మండుకొచ్చింది. నేను నేరానికి సాక్ష్యాన్నా? కానీ మూత పెట్టిన నోరు కదా.

పర్సులో ఇంటి తాళంచెవి, జండూబామ్, మెట్రో కార్డు, నాలుగు ఏలకులు, నేను. చీకట్లో ఉన్నప్పుడు వంశం గుర్తుకొస్తుంది. 1950ల్లో అమెరికాలో రైకర్ అనే మందుల కంపెనీ ఉండేది. దాని పెద్ద జార్జ్ మేసన్ కూతురికి పదమూడేళ్లు, ఆస్తమా. అప్పట్లో గాజు బుడ్డి, రబ్బరు బుంగ ఉండే నెబులైజర్‌ను పిసికి పీల్చేవారు. అది పగిలేది, కారేది. తలకు కొట్టుకునే స్ప్రే డబ్బాలాగా దీన్నీ ఎందుకు చేయకూడదు నాన్నా అని ఆ పిల్ల అడిగింది. 1956లో మా మూలపురుషుడు బజారుకొచ్చాడు. నాలో ఉన్న మందు 1969లో బ్రిటన్‌లో వచ్చింది. మా తాతల కడుపులో ఉన్న వాయువు ఓజోన్ పొరను తింటుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా మానిపించారు. ఇప్పుడు నాలో ఉన్నది ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కిస్తుంది. చలికి భయపడే మనిషి పర్సులో కూచుని ఊరిని వేడెక్కించేదాన్ని. ఈ తమాషా ఎవరితో చెప్పుకోను?

మెట్రోలో ఎర్రగడ్డ స్టేషను వచ్చినప్పుడు టీచరమ్మ కిటికీలోంచి ఛాతీ ఆస్పత్రి వైపు చూసి, "మా నాయిన నన్ను ఎత్తుకోని తిరిగిన తొవ్వ ఇది" అంది. ఆడబిడ్డ మాట మార్చి లక్డీకాపూల్ దాకా బియ్యం ధరల గురించి మాట్లాడింది. గాంధీభవన్‌లో దిగారు. మెట్ల దిక్కు చూడకుండా ఇద్దరూ లిఫ్టు ముందు నిలబడ్డారు.

నుమాయిష్ గురించి టీచరమ్మకు పాఠం చెప్పినట్టు చెప్పే అలవాటుంది. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పెట్టారని, ఏడో నిజాం ప్రారంభించాడని, దేశీ సరుకుల ప్రదర్శన అని అర్థం వచ్చేలా నుమాయిష్ మస్నువాతే ముల్కీ అన్నారని, 1946లో ఈ నాంపల్లి మైదానానికి వచ్చిందని. ఆడబిడ్డ ఈ పాఠం నలభై సార్లు విని ఉంటుంది. ఆ మైదానంతో టీచరమ్మకు ఇంకో బంధం ఉంది, అది మాత్రం నలుగురిలో చెప్పదు. జూన్‌లో మృగశిర కార్తె నాడు ఇదే మైదానంలో ఆయాసానికి చేప మందు వేస్తారు. అంతకుముందు పాతబస్తీ దూద్‌బౌలిలో వేసేవారు. బతికున్న కొరమీను పిల్ల నోట్లో పసుపుపచ్చ ముద్ద పెట్టి, ఆ పిల్లను మనిషి గొంతులోకి జారవిడుస్తారు. వరసగా మూడేళ్లు మింగాలట. ఆమె మూడేళ్లూ మింగింది. తర్వాత కొన్నాళ్లకు మా జాతివాళ్లు ఆమె పర్సులోకి వచ్చారు. ఇంతకుమించి నేను మాట్లాడకూడదు, పోటీదారుని కదా.

కశ్మీరు శాలువల కొట్టు దగ్గర అరగంట పట్టింది. అతను శాలువ కొస పట్టుకుని ఉంగరంలోంచి సర్రున లాగి, "దేఖియే అమ్మా, అసలీ పష్మీనా" అన్నాడు. టీచరమ్మ ఆ ఉంగరం అడిగి తీసుకుంది. తన మఫ్లర్ విప్పి, కొస మెలిపెట్టి, అదే ఉంగరంలోంచి లాగి చూపించింది. "యే భీ అసలీ?" అంది. పక్క కొట్టువాళ్లు కూడా నవ్వారు. అతనూ నవ్వి, ధర సగం చేశాడు. ఉన్ని శాలువ, మెరూన్ రంగు. మఫ్లర్ మళ్లీ చుట్టుకోవడం ఆమె మర్చిపోయింది.

అక్కడే అయింది తప్పు.

పొద్దు గుంకింది. కాళ్ల కింద దుమ్ము, మిరపకాయ బజ్జీల మూకుడు మీంచి లేచే ఘాటు, దానికి తోడు చల్లగాలి. పర్సులో ఉన్నా నాకు ముందే వినిపించింది. పిల్లికూత. ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలో ఎక్కడో సన్నగా మొదలవుతుంది. టీచరమ్మ నడక తగ్గించింది. ప్రతి కొట్టు ముందూ ఆగి, కొననివాటి ధరలు చూస్తోంది, లక్నో కుర్తాలు, పింగాణీ కప్పులు, చపాతీ కర్రలు. ఆయాసం వచ్చినవాళ్లందరికీ తెలిసిన విద్య ఇది. ఆగింది ఊపిరి కోసమని ఎవరికీ తెలియకూడదు.

"వదినా, నీ మాటలు చిన్నగైనయి."

"ఏం... గాలే."

"తియ్యి పంపు."

"వాడు... లెక్క... చూస్తడు."

"చూస్తే చూస్కోనియ్. లెక్కల టీచరువు నువ్వా వాడా? తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

ఆడబిడ్డే పర్సులో చెయ్యి పెట్టింది. ముందు జండూబామ్ వచ్చింది, తర్వాత నేను. చలికి నా డబ్బా చల్లబడి ఉంది. బాగా చల్లబడితే మందు సరిగా రాదని మా కాగితంలోనే రాసి ఉంటుంది. ఆ కాగితం ఎవరూ చదవరు గానీ, ఈమె చదివింది. ఆ స్థితిలో కూడా నన్ను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది.

మొదటిది పాడైంది. పీల్చడానికీ నొక్కడానికీ పొత్తు కుదరలేదు. మందంతా నాలుక మీద చేదుగా పడింది. 142. ఇంట్లో అయితే స్పేసర్ ఉంది, నన్ను ఒక కొసకు తగిలించి రెండో కొస నుంచి తాపీగా పీల్చే సీసాలాంటిది. పర్సులో పట్టదని ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

"ఉరుకులాట వద్దు. పిల్లలకు చెప్పినట్టు నువ్వే చెప్పుకో" అంది ఆడబిడ్డ.

టీచరమ్మ కళ్లు మూసుకుంది. నన్ను గబగబా ఊపింది. లోపలున్న గాలినంతా మెల్లగా వదిలింది, వదిలేకొద్దీ పిల్లికూత పెద్దదైంది. పెదాలు నా మూతి చుట్టూ బిగించి, పీల్చడం మొదలుపెట్టి, ఆ పీల్పు మధ్యలోనే నొక్కింది. బిగబట్టింది. ఆడబిడ్డ బయటికే లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు. బజ్జీల కొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరు పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే గొంతు కలిపారు. పదికి వదిలింది. 141. నిమిషం ఆగి ఇంకోటి. మళ్లీ ఇంకోటి. 139.

ఒక అరుగు చూసుకుని కూచున్నారు. ఐదారు నిమిషాలకు కూత సన్నబడింది. భుజాలు కిందికి దిగాయి. చాయ్ తెప్పించుకుంటే కప్పు చేతిలో గడగడలాడింది. అది నా వల్లే, నేను లోపలికి పోతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఆడబిడ్డ అది చలి అనుకుని కొత్త శాలువ విప్పి కప్పింది. నేను దిద్దబోలేదు.

అప్పుడు మోగింది ఫోను.

"ఎక్కడున్నవమ్మా?"

"ఇంట్లనే బిడ్డా. టీవీ చూస్తున్న."

సరిగ్గా అదే క్షణంలో నెత్తి మీదున్న మైకు గొంతు సవరించుకుంది. పచ్చగౌను తొడుక్కున్న నాలుగేళ్ల పాప తప్పిపోయిందని, కనిపించినవాళ్లు ఆఫీసు దగ్గరికి తీసుకురావాలని, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి.

"టీవీల ఏం వస్తున్నదమ్మా?"

"వార్తలు."

అవతల కాసేపు ఏ మాటా లేదు.

"స్వెటర్ ఏస్కున్నవా?"

"ఏస్కున్న."

"మంచిది" అని పెట్టేశాడు.

ఆ తర్వాత వాళ్లు ముందుకు పోలేదు, అలాగని వెంటనే ఇంటికీ పోలేదు. పిల్లల రైలెక్కారు. మఫ్లర్ ముక్కుదాకా లాక్కుని, కొత్త శాలువ మీద పర్సు పెట్టుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేంత చిన్న పెట్టెలో ఇద్దరు ముసలమ్మలు మైదానం చుట్టూ ఒక రౌండు తిరిగారు. రైలు దిగి పళ్లెమంత పాపడం కొని చెరి సగం విరుచుకున్నారు. ఎనిమిదింటికి మెట్రో. ఆ తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ కూత వచ్చింది. ఈసారి స్పేసర్‌తో, కూచుని, తీరిగ్గా రెండు. 137. పొద్దెక్కాక తనే డాక్టరుకు ఫోను చేసి, దాచకుండా మొత్తం చెప్పింది. రోజువారీ మందు నాలుగు రోజులుగా రాత్రిపూట మర్చిపోతున్న సంగతి కూడా. ఆయన తిట్టాడు. పడింది.

ఆదివారం కొడుకు వచ్చాడు. ఆమె పీటేసుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. అతను నన్ను తీసి వెనక్కి తిప్పాడు. వేళ్ల మీద ఏదో లెక్కేశాడు.

"ఆరు" అన్నాడు.

టీచరమ్మ తలెత్తలేదు. నన్ను ఉన్నచోటే పెట్టి, దండెం మీద ఆరేసిన మెరూన్ శాలువ కొస పట్టుకుని చూశాడు. వచ్చి ఆమె పక్కన కింద కూచున్నాడు. ఒక చిక్కుడుకాయ తీసుకుని నార లాగాడు.

"ఆ పచ్చగౌను పాప దొరికిందా అమ్మా?"

"దొరికింది బిడ్డా" అంది. "రైలు కాడ."