మూత పట్టుకో తల్లీ!

స్కూలు వాట్సాప్ గ్రూపులో రాత్రి ఎనిమిదింటికి మెసేజీ పడుతుంది: ఎల్‌కేజీ పిల్లలు రేపు వసంత రుతువు మీద కాగితంతో ఏదైనా చిన్న వస్తువు చేసి తీసుకురావాలి. అది చదివిన తల్లి నెత్తి పట్టుకుంటుంది. బామ్మ "రేపటికి ఇప్పుడా చెప్పడం?" అని స్కూలుని దులిపేస్తుంది. పాపకి సంగతే తెలీదు, అప్పటికింకా పెరుగన్నం దగ్గరే ఉంది. ఇంట్లో ఒక్క మొహం మాత్రం వెలిగిపోతుంది. ఆయన కుర్చీలోంచి లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, "స్కేలెక్కడుంది?" అంటాడు. ఆయనే క్రాఫ్టు నాన్న.

హైదరాబాదులో ఈ జాతి అపార్టుమెంటుకి ఒకరిద్దరు చొప్పున తగులుతారు. విజయవాడ, విశాఖల్లోనూ కొరతేం లేదు. అమెరికా వెళ్ళినవాళ్ళయితే అక్కడ ఇంకా ఖరీదైన కత్తెరలు కొన్నారని వినికిడి. పగటిపూట చూస్తే పోల్చుకోలేం. బాత్రూములో కుళాయి సంక్రాంతి నుంచి కారుతోందంటే "ప్లంబరుకి ఫోన్ చెయ్యి" అనే మనిషే. బల్బు మార్చమంటే నడుంనొప్పి. అదే మనిషి రంగు కాగితాల కోసం బేగంబజారు సందుల్లో బండి పెట్టే చోటు దొరక్క చక్కర్లు కొడతాడు, ఒక్కసారి కూడా విసుక్కోడు.

సరంజామా అంతా ఓ పాత బూట్ల పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె బీరువా మీద, పాపకి అందనంత ఎత్తున ఉంటుంది. అందులో గ్లేజు కాగితాలు, క్రేపు చుట్టలు, జిగ్‌జాగ్ కత్తెర, చమ్కీల డబ్బా, బొమ్మలకి అతికించే ఉత్తుత్తి కళ్ళు, జిగురు సీసా. "ఇవన్నీ పాప కోసమే" అంటాడు. పాప చెయ్యి చాపితే మాత్రం, "అది ముట్టుకోకు, ఇదిగో, మూత పట్టుకో తల్లీ" అని జిగురు సీసా మూత చేతిలో పెడతాడు. ఆ రాత్రికి పాప చేసే క్రాఫ్టు అదే.

నిజానికి టీచరు అడిగింది రెండు నిమిషాల పని. రంగు కాగితాన్ని విసనకర్రలా ముందుకీ వెనక్కీ మడిచి, నడుమ దారం కట్టి, రెండు వైపులా విప్పితే సీతాకోకచిలుక. మడత వంకరపోతే రెక్క వంకరపోతుంది, దానికి లేని బాధ మనకెందుకు? లేదంటే పచ్చ కాగితాన్ని చింపి, ముక్కల్ని దారానికి అతికిస్తే మామిడాకుల తోరణం. చింపడమంటే నాలుగేళ్ళ పిల్లలకి ప్రాణం. పైగా రేపు పెన్సిలు పట్టాల్సిన వేళ్ళకి మంచి కసరత్తు కూడాను. కానీ చింపిన అంచుని క్రాఫ్టు నాన్న చూడలేడు. "నీటుగా ఉండాలమ్మా" అంటూ స్కేలు ఆనిస్తాడు.

2026 ఉగాదికి ముందు మా పై ఫ్లాటులో ఈ యజ్ఞం దగ్గరుండి చూశాను. పాలలోకి తోడు అడుగుదామని వెళ్ళి ఇరుక్కుపోయాను. కాగితాలు ఎగురుతాయని ఫ్యాను ఆపేశారు. మార్చి ఉక్కలో ఇంటిల్లిపాదీ చెమటలు తుడుచుకుంటున్నారు. ఆయన నేల మీద మఠం వేసుకుని ఏ4 కాగితం ముందుపెట్టుకుని, "మనకి చతురస్రం కావాలి. ఇది 210, 297 మిల్లీమీటర్లు. తీసేస్తే ఎంత?" అని పాపనడిగాడు. పాపకి అంకెలు ఇరవై దాకా వచ్చు. "ఎనభై ఏడు!" అని ఆయనే చెప్పి, ఆయనే "వెరీ గుడ్" అనుకుని, గీత గీశాడు. మూలని ఎదుటి అంచుకి ఆనేలా మడిస్తే గీతా లెక్కా లేకుండానే చతురస్రం వస్తుందని వాళ్ళావిడ వంటింట్లోంచి అంది. "అది ఉజ్జాయింపు" అన్నాడు. కోసేసిన 87 మిల్లీమీటర్ల ముక్క పాపకి దక్కింది. ముంజేతికి చుట్టుకుని గడియారం అంది.

"చూశారా అంకుల్, 1837లో జర్మనీలో, బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో ఫ్రోబెల్ చిన్నపిల్లల బడి పెట్టాడు. మూడేళ్ళ తర్వాత దానికే కిండర్‌గార్టెన్ అని పేరు. కాగితం మడవడం, కత్తిరించడం, అల్లడం, అన్నీ ఆయన పాఠాల్లోవే" అని నాకు చెప్పాడు. అంతా నిజమే. ఫ్రోబెల్ ఆ కాగితాల్ని పిల్లల చేతికిచ్చాడన్న ముక్క దగ్గర మాత్రం ఈయన పేజీ తిప్పేసినట్టున్నాడు.

ఉగాది అన్నాక వేపపువ్వు ఉండాల్సిందేనన్నాడు. వేపపువ్వుని దగ్గరగా చూసినవాళ్ళకి తెలుస్తుంది, వేలిగోరంత ఉంటుంది. ఐదు తెల్లటి రేకులు, నడుమ సన్నటి గొట్టం. దాన్ని క్రేపు కాగితంతో, ఉన్న సైజులోనే చేస్తానని బయల్దేరాడు. వాళ్ళావిడ కనుబొమలు దిద్దుకునే ప్లక్కరు తెప్పించాడు. ఊపిరి బిగబట్టి నాలుగు రేకులు నిలబెట్టాడు. ఐదోది పట్టుకునేసరికి బామ్మ తుమ్మింది.

"ఎవరూ కదలొద్దు!"

ఎవరమూ కదల్లేదు. ఫోన్ల టార్చిలైట్లతో అందరం నేలంతా గాలించాం. రెండు దొరికాయి, అందులో ఒకటి వెల్లుల్లి పొట్టు. ఇంతా చేసి మా గేటు పక్కనే పెద్ద వేపచెట్టుంది. అంతకు ముందే ఆయన తెల్ల క్రేపు కాగితం కొనడానికి వెళ్తూ, బండి సీటు మీద రాలిన వేపపువ్వుని గుడ్డతో దులుపుతుంటే చూశాను.

తరువాత కోకిల. పాప గులాబీ రంగు కాగితం అందించింది. "కాదమ్మా, కోకిల నల్లగా ఉంటుంది. అందులోనూ మగదే నలుపు. ఆడదానికి గోధుమరంగు మీద మచ్చలుంటాయి. కుహూ అని కూసేది మగదే, దాని కళ్ళు ఎర్రగా ఉంటాయి" అని విడమరిచి చెప్పాడు. పాప అంతా శ్రద్ధగా విని, "అయితే ఇది పిల్లకోకిల" అంది. ఆ వాదన ఆయన కొట్టిపారేశాడు. నాకైతే జవాబు దొరకలేదు.

"కోకిల సొంతంగా గూడు కట్టదు, తెలుసా? కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది" అని ఆయన ఇంకా చెప్తుంటే బామ్మ అందుకుంది. "మీ స్కూలూ అంతేగదరా! గుడ్డు మనింట్లో పెట్టి పోయింది. కాకి మాత్రం పొదుగుతూ నీ అంత మురిసిపోదు."

పదకొండింటికి జిగురు మొరాయించింది. సీసా మూతి ఎండిపోయి బిరడా వేసినట్టయింది. మూత ఏదీ అని వెతికితే, సోఫాలో నిద్రపోతున్న పాప గుప్పిట్లో ఉంది. అప్పగించిన పని అది చేసింది పాపం, ఎవరేమనగలరు? దుకాణాలు కట్టేశారు. బామ్మ లేచి వెళ్ళి గిన్నెలోంచి గుప్పెడు అన్నం తెచ్చి పెట్టింది. క్రాఫ్టు నాన్న మొహం చిట్లించి, చేసేదేమీ లేక మెతుకులు మెదిపాడు. మామిడికాయ, కోకిల, నాలుగున్నర రేకుల వేపపువ్వు, అన్నీ అన్నం మెతుకులతోనే అట్టకి అంటుకున్నాయి. పైన చమ్కీలతో "శ్రీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు" అని రాశాడు. "పరాభవానికి మెరుపులద్దిన వాణ్ణి నిన్నే చూశాన్రా" అని బామ్మ పడుకోడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు స్కూల్లో ప్రదర్శన. బెంచీల మీద కాగితపు చెట్లు, కాగితపు చిలకలు, లోపల బల్బు వెలిగే మామిడితోట కూడా ఒకటి. పిల్లలంతా జారుడుబల్ల దగ్గరున్నారు. బొమ్మల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డది నాన్నలు.

"మీ అట్ట ఎంత జీఎస్ఎం అండీ?"

"నూట ఎనభై. మీది?"

"రెండు వందల ఇరవై. నూట ఎనభై మడత దగ్గర నిలవదండీ."

ఆ మాటకి మా పై ఫ్లాటాయన మొహం వాడిపోయింది.

టీచరు వచ్చి పాపని పిలిపించి, "ఎంత బావుందో! ఎవరు చేశారమ్మా?" అంది.

"నాన్న చేశాడు. నేను మూత పట్టుకున్నాను."

టీచరు చలించలేదు. ఉదయం నుంచీ ప్రతి బెంచీ దగ్గరా అదే జవాబు వింటున్నట్టుంది. నవ్వి, పాప చేతి మీద బంగారు రంగు స్టారు అంటించి పక్క బెంచీకి వెళ్ళింది.

సాయంత్రం ఆయన సొరుగులోంచి ఫైలు తీశాడు. మొన్న జెండా పండుగకి వచ్చిన స్టారు, అంతకు ముందు దీపావళి స్టారు, అన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఏదమ్మా, స్టారు ఇలా ఇవ్వు. జాగ్రత్తగా అతికిస్తాను" అన్నాడు.

పాప చెయ్యి వెనక్కి దాచుకుంది. బీరువా మీది బూట్ల పెట్టె వైపు చూసి, "కత్తెరిస్తే ఇస్తా" అంది.