ఇరవై నాలుగో వంతు కారు

నేను టయోటా 86ని. రోడ్డు మీద తిరిగే మా పెద్దన్న పొడవు 4,240 మిల్లీమీటర్లు. అందులో ఇరవై నాలుగో వంతు నేను, అంటే 177. మస్కట్‌లో, రూవి హైస్ట్రీట్ వెనక సందులో, నలుగురు మగవాళ్లుండే గదిలో, పై మంచం పక్కన మేకులతో కొట్టిన చెక్క మీద ఉంటాను.

నా పుట్టిల్లు జపాన్‌లోని షిజువోకా. ప్లాస్టిక్ మోడళ్లకు అదే రాజధాని. వడ్రంగం మీద బతికిన ఊరది. అక్కడి టమియా సంస్థ కూడా 1946లో కలప వ్యాపారంగానే మొదలైంది, 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి వచ్చింది. కరిగిన పాలీస్టైరీన్‌ను ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తే తలుపు గీత, దీపం అంచు, సీటు కుట్టు దాకా దిగిపోతాయి. అలా దిగి, చట్రాలకు వేలాడే ముక్కలుగా అట్టపెట్టెలో సర్దుకుని మస్కట్ చేరాను.

నన్ను కొన్నది కోనసీమ మనిషి. పగలంతా వాదీ కబీర్‌లోని గ్యారేజీలో కార్లకు రంగు కొడతాడు. డెంటరు సొట్ట లాగాక పుట్టీ పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్, రంగు, క్లియర్ కొట్టి, బఫింగు చేసి బండిని కొత్తదానిలా ఇస్తాడు. ఊళ్లో ఎనిమిదో తరగతి చదివే కొడుక్కి ఈ కారంటే పిచ్చి. ఇంజిన్ సిలిండరు వ్యాసం 86 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 86 మిల్లీమీటర్లు అని వాడే తండ్రికి చెప్పాడు. 2012లో టయోటా, సుబారు కలిసి తెచ్చిన కారు ఇది. రెండు లీటర్ల ఇంజిన్, రెండొందల గుర్రాల బలం, నడిచేది వెనక చక్రాలతో. అన్నిటినీ మించే వేగం దీనికి లేదు. తక్కువ బరువుతో, మలుపులో తోలేవాడి చేతికి లొంగడం దీని గొప్ప.

పెట్టె విప్పాక ఆయన చాలా రోజులు జిగురు జోలికే పోలేదు. చట్రాలన్నీ సబ్బునీళ్లలో కడిగాడు, అచ్చు నుంచి అంటుకొచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. గ్యారేజీలో వాడే థిన్నర్‌ను పనికిరాని చట్రం ముక్క మీద ఒక చుక్క వేసి చూశాడు. ప్లాస్టిక్ మెత్తబడింది. గ్యారేజీకి వచ్చే బంపర్లు వేరే రకం ప్లాస్టిక్, నేను పాలీస్టైరీన్‌ని, ఘాటు థిన్నర్‌కు తట్టుకోలేను. అందుకే నా కోసం వేరే ప్రైమర్ తెచ్చి, మంచులా పల్చగా పట్టించాడు.

అసలు చిక్కు ఆ తర్వాతే. పెద్ద కారు మీద ప్రైమర్, రంగు, క్లియర్ కలిపి సుమారు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటాయనుకోండి. అంత మందమే నా మీద కొడితే, పెద్ద కారుకు దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పూత పూసినట్టు! తలుపు గీతలు పూడిపోతాయి. ఆయన ముందుగానే కత్తి వీపుతో ప్రతి గీతనూ లోతు చేశాడు. మెటాలిక్ రంగు వద్దనుకున్నాడు. అందులోని మెరుపు పొడి నా ఒంటి మీద ఇరవై నాలుగు రెట్లు పెద్దగా, ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. తెలుపు అసలే వద్దన్నాడు, ఒమాన్‌లో రోజూ కొట్టేది తెలుపే. ముద్ద ఎరుపు కలిపాడు.

కలిపినా వెంటనే కొట్టలేదు. మస్కట్ సాయంత్రాల్లో సముద్రపు తేమ ఒంటికి అంటుకుంటుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, ఆ తేమను పట్టుకుని పాలపొరలా తెల్లబారుతుంది. ఎడారి వైపు నుంచి పొడిగాలి వీచిన శుక్రవారం దాకా ఆగి, గ్యారేజీ యజమాని అయిన అర్బాబును అడిగి, చిన్న టచప్ గన్‌తో కొట్టాడు. ఆ చేతిని నేను అతి దగ్గరగా చూశాను. గన్ నా అంచు దాటాకే వేలు వదులుతుంది, ఎక్కడా ఆగదు. బండి దిగి తాళం ఇచ్చి, అయిపోయాక వచ్చి తీసుకుపోయేవాళ్లకు ఆ చెయ్యి కనిపించదు. అది అందరూ చూడాల్సిన విద్య.

నా పెట్టెలో డాష్‌బోర్డులు రెండున్నాయి: స్టీరింగు కుడివైపుది ఒకటి, ఎడమవైపుది ఒకటి. ఇండియాకు కుడి, ఒమాన్‌కు ఎడమ. కొడుకు కోసం కుడిది అతికించబోతూ వీడియో కాల్‌లో చూపించాడు.

"నాన్నా, నువ్వు ఎటు కూర్చుని తోలతావు?"

ఊళ్లో ఆయనకు సైకిలే తెలుసు. కారు నేర్చింది రూవిలోనే. 1973లో సీబ్ విమానాశ్రయం వచ్చేదాకా విమానాలు దిగిన బైత్ అల్ ఫలజ్ మైదానం చుట్టూ ఇప్పుడు బ్యాంకుల వీధులు. ఆ వీధుల్లోనే నేర్చాడు. డ్రమ్ముల మధ్యకు వెనక్కి తోలే టెస్టు, ఎత్తు మీద ఆపి జారకుండా కదిలించే టెస్టు, పోలీసు అధికారి పక్కన కూర్చునే రోడ్డు టెస్టు, మూడూ గెలిచి తెచ్చుకున్న లైసెన్సు ఆయనది.

"ఎడమవైపురా."

"అయితే అదే పెట్టు. నీ సీటే కావాలి నాకు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎడమ డాష్‌బోర్డును కత్తిరించి, మచ్చ రుద్ది, సిమెంటు రాశాడు. ఆ సిమెంటు రెండు ప్లాస్టిక్ అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది.

"కుడి వైపుది పారేయకు నాన్నా, పండక్కి వచ్చేటప్పుడు తెచ్చెయ్. దానికి రంగు నేను కొడతాను."

"గన్ తర్వాతరా. ముందు వాటర్ పేపర్ పట్టడం నేర్పుతాను. నీళ్లలో తడిపి, ఒకే వైపుకు, వేళ్లతో నొక్కకుండా. చూడు, ఇలా."

ఫోను ముందుకు నన్ను జరిపి, నా పైకప్పు మీద ఖాళీ అరచెయ్యి ఆడించి చూపించడం మొదలుపెట్టాడు.